ఖాళీ ట్రేల ఎక్కం

బేకరీలో అందరూ ఆమెను పెద్దక్క అంటారు. పెళ్లయిన కొత్తలో బట్టీ ముందు నిలబడింది. ఇంటికి కోడలొచ్చినా ఇంకా ఆ బట్టీ ముందే ఉంది. ఆ సెగకు కళ్లు పాడయ్యాయి. ఎప్పుడు చూసినా నీళ్లు కారుతూనే ఉంటాయి. మంటకు దూరంగా ఉండకపోతే ఉన్న చూపు కూడా దక్కదని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే వ్యాన్లకు సరుకెక్కించే చోట అజమాయిషీ పని ఖాళీ అయింది. నీడపట్టున పని. పెద్దక్కకే ఇవ్వాలని యజమానికీ ఉంది. కాకపోతే లెక్కలు చూసే మేడమ్ రెండు మూడు గుణకారాలు అడుగుతుంది, నోటితో చెప్పాలి, అంతే అన్నాడు.

ఆ ‘అంతే’ విన్న దగ్గర్నుంచి పెద్దక్కకు కాలు నిలవడం లేదు. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతోంది. వేసిన గడియే మళ్లీ వెళ్లి చూసుకొస్తోంది. దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ మధ్యలో ఎక్కం అందుకుంటోంది. ఆయనేమనుకున్నాడోనని నాలిక్కరుచుకుని మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంటోంది.

కోడలు అంట్లు తోముతూ చెప్పించేది. ఒకటితో చిక్కు లేదు. ట్రేకి ఒక్క రొట్టె చొప్పున ఏడు ట్రేలుంటే ఏడే రొట్టెలు. ఒకటి ఏ అంకెతో గుణకారానికి చేరినా దాన్ని మార్చదు, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉండనిస్తుంది. అయితే మంచి అత్తగారి లాంటిదన్నమాట అని పెద్దక్క అంటే, కోడలు నవ్వి ఇంకో గిన్నె అందుకుంది. చిక్కంతా సున్నాతోనే. ఏడు సున్నాలు ఎంతని అడిగితే పెద్దక్క ఏడు అనేది.

తప్పు ఆమెది కాదు, అలవాటుది. ఆ బేకరీలో రొట్టెలెవరూ లెక్కపెట్టరు, ట్రేలే లెక్క. నిండుగా ఎన్ని వెళ్తే ఖాళీగా అన్ని తిరిగి రావాలి. ఒక్కటి తగ్గినా యజమాని గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఖాళీదైనా ట్రే ట్రేనే.

“ఏడు ట్రేలు నేను మోసుకొస్తే సున్నా అంటావేంటే? నా నడుం పడిపోయింది.”

“నడుం సంగతి తర్వాత అత్తయ్యా. వాటిల్లో తినడానికేముంది?”

“ఏమీ లేదు.”

“పోనీ వంద తెచ్చారనుకోండి. ఇప్పుడో?”

పెద్దక్క ఆలోచించింది. “అప్పుడూ ఏమీ లేదు. నడుం కూడా ఉండదు.”

కోడలు నవ్వాపుకుని లెక్కను అటు తిప్పింది. ట్రేకి ఏడు పెట్టాలి, కానీ ఒక్క ట్రే కూడా నింపలేదు. అది పెద్దక్కకు ఇట్టే తెలిసింది: బట్టీ వెలిగించని రోజు. ఎటు తిప్పినా సున్నాయే. బుర్రకెక్కింది గానీ నాలుకకే ఇంకా నమ్మకం కుదరలేదు.

మేడమ్ పిలిచిన రోజున బట్టీ దగ్గరి తోటి మనిషి, పెద్దక్క వదినా అని పిలిచే ఆవిడ, పొద్దుటి నుంచి పెద్దక్క వంతు కూడా తనే కాల్చింది. ఎందుకని అడిగితే వినపడనట్టు అటు తిరిగింది.

మేడమ్ గదిలో పెద్దక్క కుర్చీ అంచున కూర్చుంది. ఒకటి ఇంటూ ముప్పై ఆరు గబుక్కున చెప్పేసింది.

“తొమ్మిది ట్రేలు. ఒక్కోదాంట్లో సున్నా. మొత్తం రొట్టెలెన్ని?”

తొమ్మిది అన్న మాట పెదవి దాకా వచ్చింది. పెద్దక్క నోరు మూసుకుంది. ట్రేలు కళ్ల ముందు కనిపించాయి. మనసులోనే ఒక్కోదాంట్లో చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది. ఏమీ తగల్లేదు.

“సున్నా.”

“సున్నా ఇంటూ తొమ్మిది?”

“అదీ అంతేనమ్మా. ఎటు నుంచి వచ్చినా సున్నాయే.”

మేడమ్ తలూపి, రేపటి నుంచి వ్యాన్ల దగ్గరికి రమ్మంది. పెద్దక్క లేవలేదు. రుమాలుతో కళ్లు ఒత్తుకుంది, మళ్లీ ఒత్తుకుంది.

“ఇవాళ్టి నుంచే రావచ్చా అమ్మా?”

మేడమ్ అప్పుడు ఆమె కళ్ల వంక సరిగా చూసింది. చేతిలోని పెన్ను పక్కన పెట్టింది.

“ముందు మొహం కడుక్కుని రండి పెద్దక్కా. బట్టీ గదికి నేను కబురు పెడతాను.”