పదకొండు చీర సంచుల బోణీ

కరోనా తగ్గి బళ్లు, సినిమా హాళ్లు మళ్లీ తెరుచుకున్న ఏడాది అది. హిందూపురం బజారు పక్క సందులో, మందుల షాపు పైన నా ఆఫీసు. ఆఫీసంటే రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, సరిగ్గా ఎండాకాలంలోనే మొరాయించే ఒక కూలరు. స్కూళ్లకు, కల్యాణ మండపాలకు, చీరల అంగళ్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా వృత్తి. అప్పటికి పన్నెండేళ్లుగా అదే పని చేస్తున్నాను.

ఆ ఏడాది నా ప్రాణం తోడేసినవాళ్లు మాత్రం అంగళ్లవాళ్లు కాదు. ఫోనులో ఏదో వీడియో చూసి, "వెబ్‌సైటు పెడితే ఇంట్లో కూర్చుని సంపాదించొచ్చంట కదా మేడం" అని మెట్లెక్కి వచ్చేవాళ్లు. దేని గురించి సైటు అని అడిగితే, "అది మీరే చెప్పాల" అనేవాళ్లు. ఒకాయన నిద్రపోతున్నా డబ్బులొస్తాయంట అన్నాడు. ముందు మేలుకుని నాలుగు ముక్కలు రాసుకురండి అన్నాను. మళ్లీ ఆ మనిషి కనిపించలేదు. నా నోరు మంచిది కాదని మా ఆయన అంటాడు, నిజమే.

అలాంటి రోజుల్లో ధర్మవరం నుంచి రైలెక్కి సుజాత వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. పట్టుచీరలు నేసే ఇంటి కోడలు. ఈమె కూడా అదే మాట అంటుందని విసుగ్గా కుర్చీ చూపించాను. ఆమె మాత్రం సంచిలోంచి నోటు పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. పట్టుచీర ఎలా మడవాలి, నూనె మరక పడితే ఏం చేయాలి, జరీ అసలుదో కాదో ఎలా తెలుసుకోవాలి, జాకెట్టు కుట్టుకోవడానికి ఏ మిషను మంచిది అని నలభై పేజీలు. ఒక్క పేజీ కూడా ఎక్కడినుంచో ఎత్తి రాసింది కాదు. పుట్టినప్పటి నుంచి మగ్గం పక్కన బతికిన మనిషి రాత అది. మొదటిసారి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

"అక్కా, నాకు ఎక్కువ టైము లేదు" అంది. "మా మామ నాకు గార్మెంట్స్‌లో పని మాట్లాడి పెట్టినాడు. పెనుకొండ దారిలో ఉండాది ఆ కంపెనీ. తెల్లారకముందే బస్సెక్కితే మళ్లీ చీకటి పడినాకే ఇల్లు. దసరా దాకా ఆగు మామా, ఈ సైటులో ఏమన్నా వస్తాదేమో చూస్తా అని బతిమాలినా. సరేలే అన్న్యాడు. దసరాకి రాకపోతే బస్సెక్కాల్సిందే."

ఆమె అడిగింది అఫిలియేట్ మార్కెటింగ్ గురించి. చదివేవాళ్లలో తెలియనివాళ్ల కోసం చెప్తాను. మీ సైటులో ఒక వస్తువు గురించి రాసి, అది కొనే లింకు కింద పెడతారు. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే, అమ్మిన కంపెనీ మీకు కొంత కమీషన్ ఇస్తుంది. ఇలా రాసేవాళ్లనూ అమ్మేవాళ్లనూ కలిపే సంస్థలను నెట్‌వర్కులు అంటారు. ఏ నెట్‌వర్కులో చేరాలన్నదే పెద్ద తలనొప్పి. ఒక్కోదానికి ఒక్కో లెక్క, ఒక్కో మెలిక.

సుజాత కోసం మూడింటిని కాగితం మీద పెట్టి పోల్చాను. మొదటిది ఒక పెద్ద ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ సొంతంగా నడిపేది. జనానికి ఆ పేరు మీద నమ్మకం, సరుకు మారుమూలకైనా వస్తుంది. కమీషన్ మాత్రం పిసరంత. కుకీ ఒక్కరోజే. కుకీ అంటే, లింకు నొక్కినవాళ్లు అప్పుడే కొనకపోయినా గడువులోపల కొంటే అమ్మకం మన పేరునే రాసే ఏర్పాటు. రెండోది బోలెడు షాపులను ఒక గొడుగు కిందకి తెచ్చిన మన దేశపు నెట్‌వర్కు. కమీషన్ మెరుగు, కుకీ నెల రోజులు. కానీ సరుకు వాపసు వచ్చే గడువు దాటి, షాపువాళ్లు ఒప్పుకుని, డబ్బు చేతికి రావడానికి మూడు నెలలు. మూడోది విదేశాలది. కమీషన్ చూస్తే కళ్లు తిరుగుతాయి. దరఖాస్తు పెట్టిన మర్నాడే, మీ సైటు భాషను మేము పరిశీలించలేము కాబట్టి తిరస్కరిస్తున్నాము అని జవాబిచ్చారు. తెలుగు చదవడం రాకపోతే అది సుజాత తప్పు ఎలా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

దసరా గడువు పెట్టుకున్న మనిషికి మూడు నెలలు ఆగే నెట్‌వర్కు ఏం పనికొస్తుంది? అందుకని మొదటిదానిలో చేర్పించాను. దానికో షరతు ఉంది. ఆర్నెల్లలోపల కనీసం మూడు అమ్మకాలు జరగాలి, లేకుంటే ఖాతా మూసేస్తారు. ఆర్నెల్లు చాలదా అనుకున్నాం. సుజాత వారానికి రెండు పేజీలు రాసింది. చదివేవాళ్లు మెల్లగా వచ్చారు, మరకల గురించి ప్రశ్నలు కూడా అడిగారు. కొనమంటే మాత్రం ఒక్కరూ కొనలేదు. నాలుగు నెలలు గడిచాయి. దసరా దగ్గరికొచ్చింది.

ఒకరోజు ఫోను చేసి దిగులుగా అడిగింది. "ఒక్కటన్నా అమ్ముడుపోకపోతే ఎట్లక్కా?"

ఆ రోజు ప్రింటరు, కరెంటు, ఒక కల్యాణ మండపం ఓనరు ముగ్గురూ కలిసి నన్ను వేపుకు తింటున్నారు. "మూడంటే మూడు అమ్మకాలు కావాల సుజాతా. ఎట్లో ఒకట్ల మూడు రానీ, తర్వాత చూద్దాం" అని ఫోను పెట్టేశాను. ఆ "ఎట్లో ఒకట్ల" అన్న మాటకు నేను ఈ రోజుకీ నన్ను నేను తిట్టుకుంటాను.

తర్వాతి శనివారం పొద్దున్నే మళ్లీ ఫోను. గొంతులో సంతోషం పట్టడం లేదు. "అక్కా! పన్నెండు! ఒక్కరోజులో పన్నెండు అమ్ముడుపోయినాయి!"

నాలుగు నెలలు ఒక్కటీ పోని సైటులో ఒక్కరోజులో పన్నెండు ఎలా పోతాయి? "ఎవరు కొన్నారే?" అన్నాను.

"మావాళ్లేక్కా. నిన్న శుక్రవారం బోణీ పెట్టినాం."

మా సీమలో ఇంట్లోవాళ్లెవరైనా అంగడి తెరిస్తే మొదటి బేరం చుట్టాలదే. ఉత్త చేతులతో పోయి చూసి రారు. అవసరమున్నా లేకున్నా ఏదో ఒకటి కొని, గల్లాపెట్టెలో తమ చేత్తో డబ్బు వేసి వస్తారు. కొనకుండా వస్తే ఏడాదంతా మాట పడాలి. సుజాత వాళ్లమ్మ ఈ మూడు అమ్మకాల సంగతి విని, పెనుకొండలోని తన అక్కచెల్లెళ్లనూ మేనకోడళ్లనూ వెంటబెట్టుకుని ధర్మవరం వచ్చింది. లాప్‌టాప్‌కు పసుపు కుంకుమ పెట్టారు. కర్పూరం వెలిగించారు. తర్వాత ఒక్కొక్కరే సుజాత లింకు నొక్కి కొన్నారు. ఫోన్లు వేరే అయినా అన్నీ ఆ ఇంటి వైఫైలోనే. సరుకంతా రావాల్సింది కూడా ఆ ఇంటికే, ఎందుకంటే వాళ్ల వీధుల్లో డెలివరీ సరిగ్గా రాదట.

"ఏం కొన్నారు?"

"అందరూ చీరలు పెట్టుకునే గుడ్డ సంచులే. అవే తక్కువ రేటక్కా."

పట్టు నేసే చుట్టాలు. వాళ్లు నేసిన చీర నేసినట్టే షావుకారు ఇంటికి పోతుంది. పెళ్లినాటి చీర ఒకటి తప్ప బీరువాలో పట్టన్నదే లేని ఆడవాళ్లు పట్టుచీరలు దాచుకునే సంచులు కొన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వలేదు, అరిచాను. "ఇంట్లోవాళ్లు, చుట్టాలు కొనకూడదు సుజాతా! అది వాళ్ల రూల్సులో ఉంది!"

"మీరు చెప్పలేదు గదక్కా" అంది.

చెప్పలేదు. నిబంధనల పేజీల్లో ఎక్కడో కింద ఉంటుంది ఆ వాక్యం. నాకు అది ఎప్పటినుంచో తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను. కమీషన్ చెప్పాను, కుకీ చెప్పాను, గడువు చెప్పాను. చుట్టాల సంగతి నోటికే రాలేదు.

నాలుగో రోజు మెయిల్ వచ్చింది. మీరు, మీ కుటుంబ సభ్యులు మీ సొంత లింకుల ద్వారా కొనుగోళ్లు జరిపి మోసపూరితంగా కమీషన్ పొందడానికి ప్రయత్నించినట్టు గుర్తించాము, మీ ఖాతాను శాశ్వతంగా మూసివేస్తున్నాము అని దాని సారాంశం. తప్పు నాది, ఆమెకు తెలియదు, కమీషన్ ఒక్క రూపాయి కూడా వద్దు, ఖాతా ఉంచండి అని రాశాను. మీ సందేశం మాకు ఎంతో విలువైనది అని జవాబు. బోణీ అంటే ఏమిటో ఒక పేజీన్నర వివరించాను. మీ సందేశం మాకు ఎంతో విలువైనది. ఫోను నంబరు ఇవ్వండి, మనిషితో మాట్లాడతాను అన్నాను. మళ్లీ అదే. అంత విలువైన సందేశాలను అక్కడ ఎవరూ చదవరని ఐదో జవాబుకు అర్థమైంది.

దసరాకు పది రోజుల ముందు సుజాత ఆఫీసుకు వచ్చింది. ఈసారి వెనకాల మామగారు కూడా ఉన్నారు. పేరు నారాయణప్ప. పలచటి మనిషి, మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నడుము వంగింది. గార్మెంట్స్ పని మాట్లాడిన మనిషి ఈయనే కాబట్టి, ఇక కోడల్ని పంపించేస్తున్నానని చెప్పడానికే వచ్చాడనుకున్నాను. సుజాత ముఖం కూడా అలాగే ఉంది.

ఆయన కూర్చోలేదు. "మేడమ్మా, ఆ కాగితంలో మమ్మల్ని దొంగలని రాసినారంట, నిజమేనా?"

మోసపూరితంగా అని ఉందండీ, అన్నాను.

"దుడ్డిచ్చినాము. సరుకు తీసుకున్న్యాము. ఇంగ మోసం యాడుండాది?"

ఇంట్లోవాళ్లే కొనుక్కుని కమీషన్ తీసుకుంటే అది కంపెనీకి నష్టమని, కొత్తవాళ్లను తెచ్చినందుకే వాళ్లు డబ్బిస్తారని చెప్పాను. ఆయన విన్నాడు. వినలేదనడానికి లేదు. "కోడలు అంగడి పెడితే మేము పోయి కొనకపోతే ఇంగెవురు కొంటారమ్మా?" అన్నాడు.

"పరాయివాళ్లు కొనాలండీ."

"వాళ్లెప్పుడొస్తారు?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "వేరే నెట్‌వర్కులో మళ్లీ మొదలుపెట్టాల. ఏడాది పట్టొచ్చు. అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు."

సుజాత తల వంచుకుంది. అది చూడలేక నేను కంప్యూటరు తిప్పి పాత రిపోర్టు చూపించాను. ఇందులో పేర్లుండవు, కొన్న వస్తువులు మాత్రమే ఉంటాయి, ఇదిగో పదకొండు చీర సంచులు, ఒక ఆవిరి ఇస్త్రీ పెట్టె అని చదివాను.

"ఇస్త్రీ పెట్టా?" అంది సుజాత. "మావాళ్లెవురూ అది కొనలేదే. అంత రేటుది ఎవురు కొంటారు?"

నారాయణప్ప కిటికీలోంచి సందులోకి చూస్తూ, "నేనే" అన్నాడు. "పిల్లోళ్ల చేత నొక్కించినా. పట్టుకి అదే మంచిదని నువ్వే రాసినావు గదా."

"నువ్వు చదివినావా మామా?"

"అంతా చదివినా. జరీ నల్లబడేదాని గురించి ఒకటి తప్పు రాసినావు. ఇంటికాడ చెప్తా." ఆ మాటలన్నీ గోడతో చెప్తున్నట్టు చెప్పాడు. తర్వాత నావైపు తిరిగాడు. "మేడమ్మా, ఆ గార్మెంట్స్ సూపర్వైజరుకు ఈయమ్మి రాదని చెప్పేస్తా. దొంగలని పేరు పెట్టినాక ఈ పని ఇడిసిపెట్టి పోతే, నిజంగానే దొంగపని చేసినట్టయితాది. ఆ ఇంగోదాంట్లో రాయించుకో. ఏడాదో, ఏడాదిన్నరో, చూస్తాం."

సుజాత అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నాకూ కళ్లు తడిసాయి, కంప్యూటరు వైపు తిరిగాను.

రెండో నెట్‌వర్కులో చేర్పించాను. ఈసారి నిబంధనలు మొత్తం తెలుగులో చెప్పి, సుజాత చేత చదివించి, వాళ్లమ్మకు కూడా ఫోనులో వినిపించాను. పెనుకొండ పెద్దమ్మ ఒకావిడ అలిగింది. మా బిడ్డ అంగడిలో మేము కొనకూడదా, ఇదేం కంపెనీ అని నన్నే నిలదీసింది. ఆమెను ఒప్పించడానికి మెయిల్స్‌తో పడిన తంటాకన్నా ఎక్కువ పడ్డాను. పరాయివాళ్లు రావడానికి ఏడాది దాటింది. ఇప్పుడు నెలకు వచ్చేది గార్మెంట్స్ జీతానికి ఇంకా సగమే. అయినా వస్తోంది.

ఆ కేసు తర్వాత నేను పోల్చే పద్ధతి మారింది. కమీషన్, కుకీ, గడువు ఇప్పటికీ కాగితం మీద రాస్తాను. వాటికంటే ముందు ఎదుటిమనిషిని ఒక ప్రశ్న అడుగుతాను: ఏడాదిపాటు ఒక్క రూపాయి రాకపోయినా సరేలే అనేవాళ్లు మీ ఇంట్లో ఎవరున్నారు? సుజాతను ఇది నేను అడగలేదు. అడిగుంటే ఎవరూ లేరక్కా అనేది, నేనూ నమ్మేదాన్ని. ఇద్దరికీ తెలియని జవాబు ఆ ఇంట్లోనే కూర్చుని ఆమె రాతలన్నీ చదువుతూ ఉంది. అందుకే ఎవరూ లేరని వెంటనే అనేవాళ్లకు, ఇంటికి పోయి ఒకసారి అడిగి రండి అని చెప్పి పంపిస్తున్నాను.