తెప్పకు ఎన్ని వలలు

తొమ్మిదేళ్ల కిందట ఒక అబద్ధం చెప్పాను. చాలా చిన్నది. ఇంతకాలం ఎవరికీ తెలియనీయకుండా దాన్ని మోశాను. భార్యకు చెప్పలేదు. ఆదివారం చర్చిలో తల వంచుకున్నప్పుడు కూడా దాని పక్కనుంచి తప్పుకుని వేరే పాపాలు ఏకరువు పెట్టాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను పెద్ద చదువు చదవలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. నాతో పనిచేసిన రమణయ్యా అంతే. నాకంటే ఆరేళ్లు చిన్న. వెంకటాచలం దగ్గర వాళ్లకు కాస్త మాగాణి ఉంది. కోతకు ముందు గట్టు మీద నిలబడి చూసి, ఎన్ని బస్తాలవుతాయో చెప్పేవాడు. కొలిస్తే రెండు బస్తాలు అటూ ఇటూ. ఇద్దరం నెల్లూరులో ఒకే ధాన్యం కొట్టులో గుమాస్తాలం.

అప్పుడు మద్రాసు కంపెనీ ఒకటి, వలలకు నైలాన్ దారం అమ్మేది, మా జిల్లాకు ఒక మనిషి కావాలని ప్రకటన వేసింది. ఇద్దరం అర్జీ పెట్టాం. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లు చూడరనీ, ఏ సరుకు ఎక్కడ ఎంత చెల్లుతుందో అప్పటికప్పుడు అంచనా కట్టమంటారనీ తెలిసింది. ఉన్నది ఒక్క ఉద్యోగం. అయినా కలిసే సాధన చేశాం. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక బస్తాల మీద కూర్చుని ఒకరికొకరం ప్రశ్నలు వేసుకునేవాళ్లం. నెల్లూరులో రోజుకు ఎన్ని అగ్గిపెట్టెలు? ఇళ్లెన్ని, ఇంటికి పుల్లలెన్ని, బీడీలు తాగేవాళ్లెందరు? కాగితం ముట్టకూడదని నియమం. పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకునే ఇళ్లను కూడా రమణయ్య గుర్తుపెట్టుకుని తీసివేసేవాడు. నాకది తట్టేది కాదు. అతను నాకంటే మెరుగు. అది నాకు తెలుసు. నేను మీకు చెప్పవలసింది అసలు ఇదేనేమో.

ఇంటర్వ్యూకు ముందురోజు అతనే అడిగాడు.

"అన్నా, వలల గురించి అడక్కుండా వదలరు. నాకు వరి తెలుసుగానీ వల తెలీదు. నువ్వు పాలెంలో పెరిగినోడివి గదా. తెప్పకి వల ఒకటే గదా?"

"ఆఁ, ఒకటే."

"దానికి దారమెంత పడద్ది?"

ఒక తూకం చెప్పాను.

"అంతేనా? నన్ను సముద్రంలోకి తొయ్యబాకన్నా!"

"పోరా, నిన్ను తోస్తే చేపలు కూడా ముట్టవు."

ఇద్దరం నవ్వాం.

మా నాన్న చిట్టమూరు అవతల, చేపలు పట్టేవాళ్ల పాలెంలో మిషన్ బడి పంతులు. అక్కడ తెప్ప మీద నలుగురు పోతే నలుగురూ ఎవరి వల ముక్క వాళ్లు తెచ్చుకుంటారు. అన్నీ కలిపి కట్టి ఒకే వలగా వేస్తారు. చేపలు పంచుకునేది ముక్కల లెక్కనే. సముద్రం మీదికి పోలేని ముసలివాడు తన ముక్క పంపుతాడు. మొగుడు పోయిన ఆడమనిషి అతని ముక్క పంపి వాటా తీసుకుంటుంది. ఇంటింటా ఒక ముక్క ఉంటుంది గనక, దారం లెక్క కావాలంటే తెప్పలు కాదు, ఇళ్లు లెక్కపెట్టాలి. నేను రమణయ్యకు చెప్పిన తూకం ఒక్క ముక్కది. కట్టాక ఒకటే వల కదా, నేను చెప్పింది అబద్ధమెలా అవుతుందని ఎన్నాళ్లో సర్దిచెప్పుకున్నాను. మరి ఆ తూకం మాటేమిటి? దానికి సర్దుబాటు దొరకలేదు.

మర్నాడు వాళ్లడిగింది అదే: తడ నుంచి కృష్ణపట్నం దాకా ఎంత దారం కావాలి? రమణయ్య ముందు వెళ్లాడు. బయటికి వచ్చి, "పాలెం ఎప్పుడన్నా చూసినావా అని నవ్వినారన్నా. యాడో తప్పినాను" అన్నాడు. నేనిచ్చిన అంకెల్ని తప్పుపట్టలేదు. నేను లోపలికి వెళ్లి ఇళ్ల లెక్కన చెప్పాను. ఉద్యోగం నాకొచ్చింది. ఆరోజు కాఫీ ఇప్పించింది కూడా అతనే. "మనిద్దర్లో ఒకడికొచ్చింది గదా!" అన్నాడు.

రెండేళ్లకు కొట్టు మానేసి సేద్యంలోకి పోయాడు. ఇన్నేళ్లలో పాలెం సంగతి అతని చెవిన పడలేదా? తెలిసీ నన్ను అడగలేదా? ఈ లెక్క ఎన్నో రకాలుగా వేసి చూశాను. తేలలేదు.

పోయిన నెల అటుగా వెళ్తూ అతని చేను దగ్గర ఆగాను. పైరు కోతకొచ్చి ఉంది. "ఎన్ని బస్తాలవుతాయి రమణయ్యా?" అన్నాను.

"నన్నడగబాకన్నా. నాకు అంచనాలు రావని ఆ ఇంటర్వ్యూలో తెలిసిపోయింది గదా. కొలిచినాక చూద్దాం."

నవ్వుతూనే అన్నాడు. అతని నుంచి తీసుకున్నది ఒక ఉద్యోగమే అని అప్పటిదాకా అనుకున్నాను.

రమణయ్య పద్ధతిలో తప్పు లేదు. రెండంకెలు తప్పు. ఆ రెండూ నేనిచ్చినవి, తెలిసి ఇచ్చినవి. ఇదిగో, రాశాను. మళ్లీ చదివాను. ఒక్క మాటా కొట్టివేయలేదు. చేసిన పని మంచిదైపోలేదు, కానీ గుండె తేలికైంది. పొద్దుటి నుంచి కూనిరాగం తీస్తున్నానట, ఏమిటి సంగతని మా ఆవిడ అడిగింది కూడా. మిమ్మల్ని క్షమించమనను. నష్టపోయింది మీరు కాదు. రేపు వెంకటాచలం బస్సెక్కి ఈ కాగితాలు అతని చేతికే ఇస్తాను. ఏమంటాడో అంచనా కట్టడం మానేశాను.