డబ్బాలో పెట్టని పైపు

మూరెడు పొడవు రబ్బరు పైపు. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది దాన్నే. మోసి మోసి అలిసిపోయాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఈ పనిలో నాకున్న ధైర్యమంతా అదే.

నేను మెకానిక్‌ని. కర్నూలుకీ కడపకీ మధ్య, బండల గనులున్న ఊళ్లో, చర్చి వీధి చివర నా షెడ్డు. డీజిల్ బండ్లు బాగు చేస్తాను. అది కాక, పాత బండి కొనబోయేవాళ్లు నన్ను వెంటబెట్టుకుని పోతారు. పెళ్లిచూపులకు పెద్దమనిషిని పిలుచుకుపోయినట్టు. నేను ఇంజను చప్పుడు విని, పొగ చూసి, బండి కింద పడుకుని లేచి సరేనంటే అప్పుడు బేరం మొదలవుతుంది. తల అడ్డంగా ఊపితే అందరూ చెప్పులేసుకుని లేస్తారు. ఆ తల ఊపడం మీద నాకు గర్వముండేది. ఇప్పటికీ ఉందేమో, ఒట్టేసి చెప్పలేను.

రత్నం, వాళ్లావిడ సుగుణమ్మ మా వీధివాళ్లే. గనుల్లో నీళ్లు తోడడం వాళ్ల పని. వాన పడితే మా ఊళ్లో సేద్యగాళ్లు నవ్వుతారు, గనులవాళ్లు తల పట్టుకుంటారు. గుంటల్లో నీళ్లు నిలిచి పనంతా ఆగిపోతుంది. అప్పుడు రత్నానికి కబురొస్తుంది. రెండు చక్రాల మీద బిగించిన డీజిల్ ఇంజను ఒకటి వాళ్లకుండేది. దాన్ని అద్దె ట్రాక్టరుకు తగిలించుకుని గని నుంచి గనికి తిరిగేవాళ్లు. ఆదివారం మాత్రం ఎంత పనున్నా చర్చికి పోవాల్సిందే. చర్చిలో డోలక్ సుగుణమ్మదే. నేను చర్చికి పోయేవాణ్ణి కాదు గానీ ఆ చప్పుడు నా షెడ్డులోకి వచ్చేది. ఆమె దరువుకు తగ్గట్టు నట్లు బిగించిన ఆదివారాలు చాలా ఉన్నాయి.

ఒక ఏడు రత్నం వచ్చి సొంతంగా పికప్ కొనుక్కుంటానన్నాడు. ఎట్లాంటిది కొనాలని అడిగాడు. అప్పుడు నేను చెప్పింది అక్షరాలా నిజం. అదే కదా నన్ను ఇప్పటికీ పొడిచేది. లాగేది చిన్న ఇంజను, దానికి పెద్ద బండి అక్కర్లేదన్నాను. కానీ నిన్ను పిలిచేది దారి తడిసినప్పుడే, గనిలోకి దిగే దారంతా బంక మన్ను, అందుకని నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ బండే కావాలన్నాను. తారు రోడ్డు మీద ముందు చక్రాల లివర్ తీసేస్తే రెండు చక్రాలతోనే నడుస్తుంది, డీజిల్ మిగులుతుంది అని కూడా చెప్పాను. రత్నం బడిపిల్లాడిలా తలూపుతూ విన్నాడు. అంత బాగా చెప్పగలిగినవాణ్ణి, చెప్పి ఊరుకోవచ్చు కదా?

ఆత్మకూరు దగ్గర ఒక కాంట్రాక్టరు అట్లాంటి బండి అమ్ముతున్నాడని తెలిసింది. శ్రీశైలం అడవి దారుల్లో తిరిగిన బండి. ముగ్గురం పోయాం. అది చూడగానే నా కళ్లు దాని మీద పడిపోయాయి. రోడ్డు పక్కన చెడిపోయిన బండ్లను నా షెడ్డుకు ఈడ్చుకొచ్చుకోవడానికి అట్లాంటిది ఒకటుంటే బాగుండునని ఎంతో కాలంగా అనుకుంటున్నాను. ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాను. వణుకు లేదు. లివర్ వెన్నలా పడింది. ఇంత మంచి బండి ఇతనికా, అనిపించింది. ఇదీ ఆ రోజు నా మనసులో పుట్టిన మాట. దానికి మెరుగు పెట్టి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మా వైపు మైలేజీ సంగతి అమ్మేవాడి నోటితో వినరు. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, డీజిల్ పోసిన తెల్ల డబ్బాలో పెట్టి, బండి నడిపి చూస్తారు. డబ్బాలో ఎంత దిగింది, మీటరు ఎంత తిరిగింది, అంతే లెక్క. అయితే డీజిల్ బండికి ఒక మెలిక ఉంది. ఇంజను తాగగా మిగిలిన డీజిల్ ఇంకో పైపు గుండా వెనక్కి ట్యాంకులోకి పోతుంది. ఆ రిటర్న్ పైపు కూడా తీసి డబ్బాలోనే పెట్టాలి. పెట్టకపోతే డబ్బాలోది ఇంజను తాగకుండానే ట్యాంకులోకి జారుకుంటుంది. చూసేవాళ్లకు మాత్రం బండే అంతా తాగేసినట్టు ఉంటుంది. ఇది మెకానిక్‌లకు తెలుసు. కొనేవాళ్లకు తెలియదు. వాళ్లు తెలుసుకోవాల్సిన పని లేదనే కదా మమ్మల్ని తీసుకుపోయేది.

ఆ రోజు నేను మొదటి పైపు డబ్బాలో పెట్టాను. రెండోది పెట్టలేదు.

డబ్బా సుగుణమ్మ ఒళ్లో ఉంది. రెండు చేతులా పట్టుకుని కూచుంది. రత్నం నడిపాడు. కొంత దూరం పోయేసరికే డీజిల్ సగం అయిపోయింది. ఆమె డబ్బాలోకి చూసి "ఏందన్నా, ఇంత బిర్న దిగిపాయె?" అంది. నేను పెదవి విరిచాను. తిరిగొచ్చాక కాంట్రాక్టరు లబోదిబోమన్నాడు, నా బండి అంత తాగదప్పా అని మొత్తుకున్నాడు. రత్నం వినలేదు. "కండ్లారా సూసినాం గదన్నా" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ముగ్గురం బస్సెక్కి వచ్చేశాం.

మరిచిపోయాను, అని నాకు నేను చెప్పుకున్నాను. చాలా ఏళ్లు అదే చెప్పుకున్నాను. హడావిడిలో చెయ్యి అటు పోలేదు, అంతే అని. కానీ మరిచిపోయినవాడు, ఆమె దిగిపాయె అన్న నిమిషంలోనైనా గుర్తు తెచ్చుకుని బండి ఆపమనడా? ఆ నిమిషం నాకు స్పష్టంగా జ్ఞాపకముంది. కిటికీలోంచి బయటికి చూశాను. ఎండిన చేలు తప్ప అక్కడ చూడ్డానికేమీ లేదు. అయినా చూశాను.

తర్వాత రత్నానికి నేనే దగ్గరుండి వేరే పికప్ కొనిపించాను. వెనక రెండు చక్రాలే లాగేది. నీది తేలిక ఇంజనే కదా, ఇది చాల్లే అన్నాను. అంతకు ముందు నేనే చెప్పిన బంక మన్ను సంగతి నేనెత్తలేదు, నేను సరేనంటే అతనికి చాలు కాబట్టి అతనూ ఎత్తలేదు. కొన్నాళ్లాగి ఆత్మకూరు బండి నేను కొనుక్కున్నాను. పంపు అరిగింది, బాగు చేసుకుంటాలే అని రత్నంతో అన్నాను. బాగు చేయడానికి అందులో ఏముంది? కడిగించాను, అంతే. అది చుక్క చుక్కా లెక్కగా తాగుతూ తిరుగుతుంటే, రత్నం బజారులో నలుగురి ముందు నా చెయ్యి పట్టుకుని "ఈయప్ప చేతిలో పడితే ఎట్లాంటి బండైనా దారికొస్తాది" అన్నాడు. అప్పుడు నేను నవ్వాను. ఎట్లా నవ్వానో, ఆ నవ్వు నా మొహం మీద ఎట్లా నిలబడిందో ఇప్పటికీ అర్థం కాదు.

రెండు చక్రాల బండితో వాళ్లు ఏళ్ల తరబడి నెట్టుకొచ్చారు. తడిసిన ఎక్కుడు దారి వచ్చినప్పుడల్లా సుగుణమ్మ కిందికి దిగేది. చేతిలో బండరాయి పట్టుకుని వెనక నడిచేది. బండి ఆగి వెనక్కి జారబోతే చక్రం కింద రాయి పెట్టాలి. మళ్లీ కొంచెం ఎక్కితే తీసి మళ్లీ పెట్టాలి. నేను చూస్తూనే ఉన్నాను. చూసి, వానల్లో జాగ్రత్తమ్మా అనేవాణ్ణి. అంతకంటే సిగ్గులేని మాట ఉంటుందా?

ఒక ముసురులో బండి ఆమె అనుకున్నదాని కంటే ముందే జారింది. వెనకున్న ఇంజను బరువు కూడా కిందికి ఈడ్చింది. రాయికీ చక్రానికీ మధ్య ఆమె కుడి చెయ్యి ఉంది.

గనిలోంచి నాకు ఫోన్ వచ్చింది. ఆ బురదలో గని లోపలికంటా దిగి పైకి రాగలిగిన బండి ఊళ్లో ఒక్కటే ఉంది. లివర్ వేసి దిగాను. నాలుగు చక్రాలూ పట్టుకున్నాయి. ఎక్కడా జారలేదు, ఎవరూ రాయి పట్టుకుని వెనక నడవాల్సిన పని రాలేదు. ఆమెను పడుకోబెట్టుకుని కర్నూలు ఆసుపత్రికి పోతుంటే రత్నం నా భుజం మీద చెయ్యేసి ఏడుస్తూ, దేవుడే నీకు ఈ బండి ఇచ్చినాడన్నా అన్నాడు. నేను రోడ్డు చూసి నడిపాను. ఆ క్షణంలో చెప్పి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు, ఆమె వేళ్లు తిరిగొచ్చేవి కావు. ఈ సమాధానం నాకు చాలా సుఖంగా ఉండేది. ఇప్పుడు చూస్తే, ఆ సుఖం కోసమే ఆ ప్రశ్న వేసుకునేవాణ్ణేమో.

బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి. ఆదివారం డోలక్ ఇప్పుడు ఇంకెవరో వాయిస్తారు. బాగానే వాయిస్తారు. సుగుణమ్మ ఆడవాళ్లతో పాటు చాప మీద కూర్చుని పాడుతుందని విన్నాను. నేను ఆదివారం షెడ్డు తీయడం మానేశాను. ఎందుకన్నా అని అడిగినవాళ్లకు, వయసైపోతోంది, నడుం నొప్పి అని చెప్పాను. నడుం నొప్పి కూడా నిజమే.

ఇదంతా ఇట్లాగే నాతో పాటు మట్టిలో కలిసిపోయేదే. కానీ మొన్న రత్నం షెడ్డుకొచ్చాడు. పాత పికప్ పని అయిపోయింది. ఈసారి ఎంతైనా ఫోర్ వీలే కొంటాను, నువ్వు రావాల అన్నాడు. ప్రొద్దుటూరు దగ్గర ఒకటి అమ్మకానికి ఉందట. కాదనడానికి నోరు రాలేదు. ముగ్గురం పోయి చూస్తే అదే రకం బండి. రంగొక్కటే వేరు. రత్నం డబ్బా బయటికి తీశాడు. ఆత్మకూరులో లాగే పైపు పెట్టి చూద్దామన్నాడు.

నేను బానెట్ ఎత్తి నిలబడ్డాను. కింద రెండు పైపులు. రెండోది డబ్బాలో పెడితే ఆ రోజు పెట్టని సంగతి బయటపడుతుంది. పెట్టకపోతే ఆమెను మళ్లీ రాయి పట్టుకుని నడవమన్నట్టే. బండి బాగుందని నోటిమాటగా చెప్పేసి డబ్బా వద్దనొచ్చు కదా అని కూడా అనిపించింది. చివరి దాకా నా బుద్ధి సందు కోసమే వెతికింది, చూడండి.

రత్నం అమ్మేవాళ్లతో మాట్లాడుతూ టైర్లు చూస్తున్నాడు. సుగుణమ్మ నా పక్కన డబ్బా పట్టుకుని నిలబడింది. ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతిని కింద ఆనించింది. నేను మొదటి పైపు పెట్టాను. తర్వాత రెండోది ఊడదీసి అది కూడా డబ్బాలో పెట్టాను.

"ఈ రెండోదేందన్నా?" అంది.

"ఇంజను తాగంగా మిగిలింది ఈ పైపులో వెనక్కి వస్తాదమ్మా."

ఆమె మొదటి పైపునూ దాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఆ పొద్దు ఇది పెట్టల్యా."

"పెట్టల్యా."

"మర్సిపోయినావేమో."

ఆమె గొంతులో కోపం లేదు. నాకు దారి ఇస్తోంది. ఏళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్న మాటనే ఆమె తన నోటితో అందించింది. అవునమ్మా అంటే సరిపోతుంది. అంతటితో అయిపోతుంది.

"ల్యాదమ్మా. మర్సిపోల్యా," అన్నాను.

ఆ బండి నాకు కావాలనిపించిందని, అందుకే చేశానని, ఇదంతా మీకు చెప్పినట్టు ఆమెకు చెప్పలేదు. చెప్పక్కర్లేదేమో కూడా. ఆ బండి ఏళ్లుగా నా షెడ్డు ముందే ఉంది. అందులోనే కదా ఆమె ఆసుపత్రికి పోయింది.

రత్నం వచ్చి "అయిందా?" అని అడిగాడు. "అయింది, ఎక్కు," అంది సుగుణమ్మ. ముగ్గురం ఎక్కాం. మధ్యలో ఆమె, ఒళ్లో డబ్బా. పెద్ద రోడ్డు మీద చాలా దూరం పోయాం. డీజిల్ మెల్లగా దిగుతోంది. రత్నం సంబరంగా, సూడు సుగుణా, ఎంత తక్కువ తాగతాండాదో అని మళ్లీ మళ్లీ అంటున్నాడు. ఆమె డబ్బా మీది నుంచి చూపు తిప్పలేదు. ఆ రోజు ఆత్మకూరులో ఆమె చూడాల్సింది ఇదే. ఇప్పుడు చూస్తోంది.

రత్నం ఆ బండి కొన్నాడు. ఆమె అతనికి చెప్పిందో లేదో నాకు తెలియదు. నా షెడ్డు ముందు నుంచి పోతూ అతను ఇంకా చెయ్యి ఊపుతున్నాడు. ఆమె ఊపడం లేదు, ఇటు చూడడమూ లేదు. అది ఆమె ఇష్టం. నేను ఆమెను క్షమించమని అడగలేదు, మిమ్మల్నీ అడగను. రెండు మాటలు ఆమెతో అన్నాను, మిగిలినవి ఇక్కడ రాశాను. రత్నం షెడ్డుకొచ్చి అడిగిన రోజున అతనితోనూ ఇవే అంటాను.

నిన్న ఆదివారం షెడ్డు తీశాను. చర్చిలో డోలక్ మోగుతుంటే పని ఆపి, అయ్యే దాకా విన్నాను.