సూదక్క కుట్టిన రాకెట్ల పుస్తకం

ప్రెస్సులో అందరూ ఆమెను సూదక్క అనేవారు. అచ్చయిన పెద్ద కాగితాలు, ప్రెస్సు మాటల్లో ఫారాలు, పేజీలుగా మడిచి, దారంతో కుట్టి, అట్ట వేయడం ఆమె పని. పదిహేడో ఏట ఆ బల్ల ముందు కూర్చుంది, ఇప్పుడు నలభై ఆరు. ఏ కాగితాన్నయినా రెండు వేళ్ల మధ్య పట్టి కాస్త వంచితే చాలు, దాని నార ఎటు నడిచిందో చెప్పేసేది. "నారకి ఎదురు మడిస్తే కాగితం అలుగుతుంది" అనేది కొత్తగా పనిలో చేరినవాళ్లతో.

ఆమె తమ్ముడు సైన్సు మాస్టారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళకి ప్రెస్సుకొచ్చి, చంకలోంచి చినిగిన కాగితపు గొట్టమొకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, పిల్లలకి రాకెట్టు ఎగరేసి చూపిస్తానని కోతలు కోశాను. గాలి వదలగానే ఇదిగో, ఇలా పేలిపోతోంది. కాస్త గట్టిగా అతికించి పెట్టవూ?"

సూదక్క గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వింది. "జిగురేం చేస్తుందిరా? నార గొట్టం పొడుగునా ఉండాలి, నువ్వు అడ్డంగా పెట్టి చుట్టావు. అందుకే అతుకు నోరు తెరిచింది."

అక్కడికక్కడే ఇనుప కడ్డీ మీద కొత్త గొట్టం చుట్టి ఇచ్చింది. తమ్ముడు వెంట తెచ్చిన పంపుతో గాలి వదిలితే అది పేలలేదు. కానీ ప్రెస్సు కప్పు దాకా లేచి, పిల్లిమొగ్గ వేసి, కిందికొచ్చి పడింది. తమ్ముడికి ఆ మాత్రం చాలు. సంతోషంగా వెళ్ళిపోయాడు. ఆ పిల్లిమొగ్గ సూదక్కకు మాత్రం పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

ప్రెస్సు వెనక పాత మిషన్లు పడేసిన ఖాళీ స్థలం ఉంది. మర్నాటి నుంచి భోజనాల గంటలో సూదక్క అక్కడే కనిపించేది. లావు పైపులో సైకిలు పంపుతో గాలి నింపుతుంది. దానికి బిగించిన సన్న పైపు మీద రాకెట్టు తొడుగుతుంది. మధ్యనున్న కొళాయిని ఒక్కసారిగా తిప్పుతుంది. ఎత్తు కొలవడానికి కోణమానినికి దారం, దారానికి రాయి కట్టి, పట్టిక చూసి లెక్క కట్టడం తమ్ముడే నేర్పాడు. అతను చేసిన సాయం అదొక్కటే. ఆ కోణమానిని పట్టుకుని నిలబడే పని, కటింగు మిషను నడిపే పెద్దాయన మీద పడింది. ఆయన్ని ఆమె బాబాయ్ అని పిలిచేది.

"పైవాడు నన్ను మరిచిపోయి హాయిగా ఉన్నాడే," అని సణిగేవాడాయన, కళ్ళు చికిలించి ఆకాశంలోకి చూస్తూ. "రోజూ నువ్వు నా తల పైకెత్తించి గుర్తు చేస్తున్నావు."

నాలుగు నెలలు గడిచాయి. ముక్కు బరువు చాలక కొన్ని పల్టీలు కొట్టాయి, ఎక్కువై కొన్ని చతికిలబడ్డాయి. రెక్కలు నాలుగు పెట్టింది, మూడు పెట్టింది, పెద్దవి, చిన్నవి. చివరికి రాకెట్టును సరిగ్గా తూగే చోట దారంతో కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పి చూడటం కనిపెట్టింది. ముక్కు ముందుకే ఉంటే నిటారుగా ఎగురుతుంది. తోక ముందుకొస్తే దాన్ని ఎగరేయడం దండగ. బరువు ముందుండాలి, రెక్కలు చిట్టచివర ఉండాలి. కత్తిరింపులు పోగేసి తానే కుట్టుకున్న నోటుబుక్కులో ప్రతి ప్రయోగమూ బొమ్మతో సహా రాసుకుంది.

అరవై మూడోది నలభై రెండు మీటర్లు లేచింది. గీత గీసినట్టు లేచింది. బాబాయ్ కొలత చెబుతున్నా వినిపించుకోకుండా, కొళాయి పట్టుకుని అలాగే నిలబడిపోయిందామె. ఆమె చేతుల్లోంచి ఇన్నేళ్లలో వేల పుస్తకాలు వెళ్ళాయి. ఒక్కటీ ఆమెది కాదు. ఇది మాత్రం ఆమెది.

సంగతి తెలిసి తమ్ముడు పరుగున వచ్చాడు. నోటుబుక్కు పేజీలు తిప్పుతుంటే అతని మొహం విప్పారింది. "బంగారంలా రాశావే అక్కా! రెండ్రోజుల్లో తెచ్చిచ్చేస్తా."

ఎనిమిది నెలలైనా నోటుబుక్కు రాలేదు. ఒక ఉదయం సూదక్క బల్ల మీదికి కొత్త ఫారాల కట్ట వచ్చింది. మొదటి ఫారం మడిచింది. రెండోది మడుస్తుండగా చెయ్యి ఆగిపోయింది. దారంతో కట్టి తిప్పి చూసే బొమ్మ, ముక్కు బరువుల పట్టిక, అరవై మూడు కొలతలు, అన్నీ ఆమెవే. మొదటి పేజీ తీసి చూసింది. 'కాగితపు రాకెట్లు: నా ప్రయోగాలు.' కింద తమ్ముడి పేరు. కృతజ్ఞతల్లో హెడ్మాస్టరు, సహోపాధ్యాయులు, భార్య ఉన్నారు. అక్క లేదు.

"సొమ్మొకడిది, సోకొకడిది," అన్నాడు బాబాయ్, భుజం మీంచి తొంగిచూసి.

ఆమె ఇరవై మూడో పేజీ చూస్తోంది. బొమ్మ అందంగా కనబడాలనేమో, రాకెట్టు నడుముకి రెక్కలు తగిలించారు. పక్కనున్న కొలతలూ దానికి తగ్గట్టే మార్చారు. ఆ లెక్కన కడితే ఏ రాకెట్టయినా తిరగబడుతుంది.

సాయంత్రం తమ్ముడింటికి వెళ్ళింది.

"రెక్కలు తప్పు వేశావురా. ఎవరి మొహానో తగులుతుంది. ఆ ఫారం మళ్ళీ వేయించు. లేకపోతే తప్పొప్పుల పట్టికైనా అతికిస్తాను."

"ఆవిష్కరణ ఆదివారమే అక్కా. పైగా తప్పొప్పుల పట్టిక పెడితే, నాకు రాదని నేనే చాటుకున్నట్టు కాదూ?" గొంతు తగ్గించాడు. "నీకు పేరు లేదని కోపమా?"

"పేరు సంగతి కాదు, రెక్కల సంగతి చెబుతున్నా."

ఆ మాట అబద్ధం. పేరు సంగతి కూడా. కానీ అడిగి వేయించుకునే పేరు ఆమెకు అక్కర్లేదు, అతనంతట అతనికి తోచాలి. ఆమె చెప్పులు తొడుక్కుంటుంటే తమ్ముడు వెనకనుంచి అన్నాడు: "సభలో ఎగరేయడానికి ఒక రాకెట్టు చేసిపెట్టు. నీ చేతిలో ఉన్న నాణ్యం ఎవరికీ రాదు."

"ఎలా చెయ్యమంటావు? నా లెక్కనా, పుస్తకం లెక్కనా?"

"రెండూ ఒకటేగా!"

ఆమె అక్షరం పొల్లు పోకుండా పుస్తకం లెక్కన చేసింది. అతుకు వెంట్రుకంత సందు లేకుండా అంటించింది. దారం కట్టి తిప్పి చూస్తే తోకే ముందుకొచ్చింది. అయినా డబ్బాలో పెట్టి పంపింది.

ఆదివారం బడి ఆవరణలో కుర్చీలు నిండాయి. ఉపన్యాసాలయ్యాక తమ్ముడు కొళాయి తిప్పాడు. రాకెట్టు మనిషెత్తు లేచి, గిర్రున తిరిగి, ముందు వరుసలోకి దూసుకొచ్చింది. పెద్దలు కుర్చీలతో సహా వెనక్కి వాలారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పిల్లలు ఈలలు వేశారు.

తమ్ముడు నవ్వుతూ మైకు అందుకున్నాడు. "క్షమించాలి. దీన్ని మా అక్క అతికించింది. పాపం, ఆవిడకి సైన్సు తెలీదు. జిగురు తక్కువైనట్టుంది."

సభంతా నవ్వింది. చివరి వరుసలో కూర్చున్న సూదక్క వైపు కొందరు తిరిగి చూశారు కూడా. లేచి నిజం చెబుదామనుకుంది.  కానీ ఏమని చెప్పాలి? తిరగబడుతుందని తెలిసే పంపానని చెప్పాలా?

మర్నాడు తమ్ముడు ప్రెస్సు గుమ్మంలోనే నిలదీశాడు. "కావాలనే చేశావు కదూ?"

"అవును. నీ పుస్తకంలో ఎలా ఉందో అలా చేశాను. నా నోటుబుక్కు ఇయ్యి."

"ఏ నోటుబుక్కు?"

ఆమె అతని కళ్ళలోకి చూసింది. నటన కనబడలేదు. ఇల్లు సర్దినప్పుడు పాత కాగితాల్లో పోయుంటుంది, అతనికి గుర్తే లేదు. దాచుకున్నా బాగుండేదనిపించింది ఆమెకు. మళ్ళీ అడగలేదు. రాకపోకలు ఆగిపోయాయి.

రెండేళ్ళకి ఆ పుస్తకం రెండో ముద్రణకొచ్చింది. ఫారాలు బల్ల మీదికి రాగానే సూదక్క ఇరవై మూడో పేజీ తీసింది. రెక్కలు చిట్టచివరికి దిగాయి. కొలతలు సరిగ్గా ఆమె చెప్పినట్టే ఉన్నాయి. 'అనేక ప్రయోగాల అనంతరం సవరించినది' అని ముందుమాటలో రాసుకున్నాడు.

యజమాని గదిలోంచి కేకేశాడు. "అమ్మా, మాస్టారు ఫోన్ చేశారు. ఈసారి కుట్టు గట్టిగా పడాలట. పోయినసారి పేజీలు ఊడాయంటున్నారు."

"ఊడలేదండీ," అంది సూదక్క.

"ఊడాయంటున్నారుగా, పోనీలే. జాగ్రత్తగా చెయ్యి."

బాబాయ్ కటింగు మిషను ఆపి ఆమె వంక చూశాడు. వెనక స్థలంలో ఇప్పుడు చిత్తు కాగితాల బేళ్లు పేర్చారు. పంపు ఎవరో సైకిలుకి పట్టుకుపోయారు. ఆమె దారానికి మైనం రాసి, మొదటి ఫారం ముందుకు లాక్కుంది. వదులుగా కుట్టడం ఆమె చేతికి రాదు.