నాలుగు చక్రాలూ గాల్లో

ఆ రోజుల్లో ఎండాకాలం సాయంత్రాలు రావులపాలెం దగ్గర ఏటిగట్టు దిగి గౌతమి ఇసుకలోకి నడిచేవాళ్ళకి ఒక వింత కనబడేది. నలభై ఏళ్ళ మనిషి, మెళ్ళో కెమెరా వేలాడేసుకుని, ఇసుకలో బోర్లా పడుకుని ఉండేవాడు. ఆయనకి కాస్త ఎడంగా, కొంగు నడుముకి బిగించి, పొడుగాటి ఏరియల్ ఉన్న పెట్టె ఒకటి చేత్తో పట్టుకుని ఒకావిడ నిలబడి ఉండేది. ఇద్దరి మధ్యా కుందేలంత కారు ఒకటి ఇసుక చిమ్ముకుంటూ పరుగులు పెట్టేది.

పడుకున్నాయన శ్యాంబాబు. సెంటర్లో దీవెన ఫోటో స్టూడియో ఆయనదే. నిలబడ్డావిడ ఆయన భార్య దేవకుమారి, మిషన్ స్కూల్లో మూడో తరగతి టీచరు.

లంకల్లోకి పడవ వేసే చిట్టియ్య మొదటిసారి ఈ వాలకం చూసి తెడ్డు పారేసి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, బాబుగారు పడిపోయారాండీ?"

"లేదు చిట్టియ్యా. ఫోటో తీస్తున్నారు."

"ఎవర్దండీ?"

"కారుది."

చిట్టియ్య కారుని చూశాడు, పడుకున్నాయన్ని చూశాడు. "ఆయ్. అది ఆగినప్పుడు తీసుకోవచ్చు కదండీ," అన్నాడు.

తీసుకోవచ్చు. కానీ శ్యాంబాబు కష్టమంతా అక్కడే ఉంది. పద్నాలుగేళ్ళుగా ఆయన లోకానికి చెప్పుకొచ్చిన మాట ఒక్కటే: "కదలకండి." పాస్‌పోర్టు ఫోటోకొచ్చినవాడికీ అదే, పీటల మీద పెళ్ళికూతురికీ అదే, బాప్తిస్మం ఇస్తున్న పాస్టరుగారికీ అదే. అందరూ బుద్ధిగా ఆగిపోయేవారు. చెప్పినా ఆగని వస్తువు ఇన్నాళ్ళకి ఆయన చేతికి దొరికింది.

అది తొంభై ఏడు క్రిస్మసుకి వచ్చింది. ఓడలో ఇంజను పని చేసే బావమరిది అబ్రహాము సింగపూర్ నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి బావగారి ఒళ్ళో పెట్టాడు. పెట్టె మీద బొమ్మ చూసి శ్యాంబాబు కేకు తినడం మర్చిపోయాడు. ఎర్రటి బగ్గీ కారు ఒకటి ఇసుకదిబ్బ మీంచి లేచి, నాలుగు చక్రాలూ గాల్లో ఉండగా, వెనక ఇసుక విసనకర్రలా విచ్చుకుని ఉంది. మూత తీస్తే లోపల కారు లేదు. పొట్లాలు పొట్లాలుగా మరలు, పళ్ళచక్రాలు, స్ప్రింగులు, చిన్న సీసాలో నూనె, జపాను భాషలో ఒక పుస్తకం ఉన్నాయి. పదకొండు రోజులు భోజనాల బల్ల మీద ఎవరికీ భోజనం పెట్టనివ్వకుండా కూర్చుని బిగించాడు. బిగించడం అయ్యాక రెండు మరలు మిగిలిపోయాయి. అవి ఎక్కడివో ఆయనకి ఇప్పటికీ తెలీదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

బగ్గీ నడిచింది. రిమోట్ శ్యాంబాబు పట్టుకున్నన్నాళ్ళూ అది తిన్నగా వెళ్ళి సరుగుడు చెట్టుకి గుద్దుకునేది. ఒకరోజు దేవకుమారి, "ఇలా ఇవ్వండి, దాన్ని చంపేస్తారు," అని లాక్కుంది. మూడో తరగతి పిల్లలు విన్నట్టే అది ఆవిడ మాట విన్నది. ఆ రోజుతో తోలే పని ఆవిడదీ, తీసే పని ఆయనదీ అయిపోయింది.

ఇక ఆయనకి పట్టుకున్న పిచ్చి ఒక్కటే. అట్టపెట్టె మీది బొమ్మలాంటి ఫోటో తను ఒక్కటి తియ్యాలి. నాలుగు చక్రాలూ గాల్లో ఉండాలి. మూడు ఉంటే కుదరదు.

ఏడాదిన్నర తీశాడు. ఒకసారి చార్జింగ్ పెడితే బగ్గీ ఏడెనిమిది నిమిషాలు తిరిగేది. ఇంట్లో కరెంటు ఉంటే ఆ చార్జింగూ ఎక్కేది, లేకపోతే లేదు. ఆ ఏడెనిమిది నిమిషాల్లో ఆయన తీసినవన్నీ కడిగిస్తే ఖాళీ ఆకాశం వచ్చేది, లేదా వెనక చక్రం ఒక్కటే వచ్చేది, లేదా దేవకుమారి పాదాలు వచ్చేవి. ఒకసారి కుక్క ఫోటో ఒకటి చాలా బాగా వచ్చింది. "ఇది ఫ్రేము కట్టించండి," అంది దేవకుమారి. ఆయన దాన్ని సొరుగు అడుక్కి తోసేశాడు.

తొంభై తొమ్మిది మే నెలలో, ఒక పెళ్ళి ఆల్బం సర్దుతూ సర్దుతూ శ్యాంబాబు ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. తలంబ్రాలు! దోసిట్లోంచి జారిన బియ్యం గింజ గింజా గాల్లో ఆగిపోయినట్టు ఎలా పడుతున్నాయి? ఫ్లాషు వల్ల కదా! తలంబ్రాలని ఆపిన ఫ్లాషు బగ్గీని ఆపదా? పొద్దు వాలి చుట్టూ నల్లబడ్డాక తీస్తే సరి.

మర్నాడే సాయంత్రం చిట్టియ్యని బతిమాలి పడవబల్ల ఒకటి తెచ్చి ఇసుకకుప్ప మీద ఏటవాలుగా పెట్టారు. దేవకుమారి తోలడం, బగ్గీ ఎగరడం, ఫ్లాషు మెరవడం, ఫ్లాషు మళ్ళీ సిద్ధమయ్యేదాకా అందరూ ఊపిరి బిగబట్టడం. అలా రోల్లో ఉన్న ముప్ఫై ఆరు ఫోటోలూ అయిపోయాయి.

ఇక్కడ శ్యాంబాబు నియమం ఒకటి చెప్పాలి. ఫిల్ము రోలుకి బయటికి కాస్త నాలిక ఉంటుంది, కెమెరాలో తగిలించడానికి. తీసేసిన రోలు మీదే మళ్ళీ తీస్తే బొమ్మ మీద బొమ్మ పడుతుంది కాబట్టి, తీసేసిన రోలయితే నాలిక పూర్తిగా లోపలికి చుట్టేసేవాడు. నాలిక బయట ఉందంటే అది కొత్త రోలన్నమాట. పద్నాలుగేళ్ళలో ఈ నియమం ఒక్కసారీ తప్పలేదు.

ఆ సాయంత్రం రోలు వెనక్కి చుడుతుండగా దేవకుమారి కేక పెట్టింది.

"ఏవండీ! ఇది మాట వినట్లేదు! నీళ్ళల్లోకి పోతోంది!"

రిమోట్లో సెల్లు అయిపోయాయి. శ్యాంబాబు చుట్టడం చివర్లో, నాలిక లోపలికి పోకముందే ఆపి, వెనక తలుపు తెరిచి, రోలు చొక్కా జేబులో కుక్కి, మోకాలి లోతు నీళ్ళలోకి దూకాడు. ఆయన కంటే ముందే చిట్టియ్య తెడ్డుతో బగ్గీని గట్టుకి తోశాడు. "మీ కారుకి ఈతొచ్చండీ బాబుగారూ," అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున దేవకుమారి చొక్కా నానబెట్టబోతూ అలవాటు కొద్దీ జేబులు తడిమింది. రోలు దొరికింది. నాలిక బయట ఉంది. మొగుడి నియమం ఆవిడకి ఎక్కాలంత కంఠతా వచ్చు. కొత్త రోలే అనుకుని ఖాళీ డబ్బీలో పెట్టి, ఆ రోజు పెళ్ళికి సర్దిన సంచీలో మిగతా కొత్త రోళ్ళ పక్కన వేసింది. శ్యాంబాబేమో లేచాక ఆ జేబు వెతుక్కుని, కనబడక, తన బగ్గీ రోలు గోదావరి పాలయిందనుకుని, మొహం వేలాడేసుకుని పెళ్ళికి బయల్దేరాడు.

పెళ్ళి కొత్తపేటలో. రిటైరైన లెక్కల మేష్టారు సూర్యప్రకాశంగారి మనవరాలు హైమది. శ్యాంబాబుకి ఎక్కాలు రాకపోతే గోడకుర్చీ వేయించింది ఆ మేష్టారే. జీలకర్రా బెల్లం దగ్గర్నుంచి తలంబ్రాల దాకా ఒక రోలు తీశాడు. అది ఏ రోలో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఆయనకి తెలీలేదు.

మూడో రోజు రాజమండ్రి కలర్ ల్యాబు నుంచి ఫోనొచ్చింది.

"శ్యాంబాబుగారూ, పెళ్ళిలోకి కారొచ్చిందేంటండీ? కొత్త మిక్సింగా? బ్రహ్మాండంగా ఉందండీ!"

అప్పట్లో ఒక ఫోటోలో ఇంకోటి కలిపే మిక్సింగంటే జనం చెవి కోసుకునేవారు. పెళ్ళికూతురు తామరపువ్వులోంచి లేచేది, పెళ్ళికొడుకు కొబ్బరిబొండంలోంచి నవ్వేవాడు. వాటితో పోలిస్తే కారు గొప్ప విషయమేం కాదు. కానీ శ్యాంబాబు బస్సెక్కి వెళ్ళి ఫోటోలు ఒక్కొక్కటే తీసి చూడటం మొదలుపెట్టాడు. జీలకర్రా బెల్లం మీద బగ్గీ. పురోహితుడి పిలక మీద బగ్గీ. తాళి కడుతున్న పెళ్ళికొడుకు మొహం ఉండాల్సిన చోట ముళ్ళటైరు చక్రం. మూడో నాలుగో చూసి ఇక చూడలేక కవర్లో పెట్టేశాడు.

"మిక్సింగని చెప్పేస్తేనో?" అన్నాడు ఇంటికొచ్చి.

దేవకుమారి అప్పటికే ఏడ్చి మొహం కడుక్కుంది. రోలు సంచీలో వేసింది తనే కదా. "ఎవరికి? సూర్యప్రకాశం మేష్టారికా? చెప్పి రండి. గోడకుర్చీ వెయ్యడానికి మోకాళ్ళు వంగుతాయో లేదో ఇక్కడే ఒకసారి చూసుకుని మరీ వెళ్ళండి," అంది.

వాయిదా వేస్తూ వేస్తూ శ్యాంబాబు కొత్తపేట వెళ్ళేసరికి హైమకి పదహార్రోజుల పండగ వచ్చేసింది. కొత్త దంపతులిద్దరూ అరుగు మీదే ఉన్నారు. మేష్టారు పడక్కుర్చీలో ఉన్నారు. శ్యాంబాబు ఫోటోలు బల్ల మీద పరిచి, గొంతు సవరించుకుని, నిజమే చెప్పాలని ఇంటి దగ్గర అనుకున్నదంతా మర్చిపోయి మొదలుపెట్టాడు.

"ఇది మిక్సింగండీ మేష్టారూ. హైదరాబాద్‌లో ఇప్పుడందరూ..."

మేష్టారు భూతద్దం తెప్పించుకున్నారు. ఒక్కో ఫోటో చూశారు. చూసి, భూతద్దం కింద పెట్టారు.

"పెళ్ళికొడుకు నెత్తిన చక్రం పెట్టమని ఏ హైదరాబాదు వాడు చెప్పాడ్రా నీకు?"

అంతే. ఒరే అనిపించుకున్న క్షణంలో శ్యాంబాబుకి ఎనిమిదో తరగతి వచ్చేసింది. పడవబల్ల, రిమోట్ సెల్లు, నాలిక, చొక్కా జేబు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. సంచీలో వేసిందెవరో మాత్రం చెప్పలేదు.

పెళ్ళికొడుకు విష్ణు బ్యాంకు ఉద్యోగి, నెమ్మదస్తుడు. ఫోటో అటూ ఇటూ తిప్పి, "ఇందులో నా మొహం ఎక్కడుందండీ?" అన్నాడు.

"చక్రం వెనకాలుందండి," అన్నాడు శ్యాంబాబు.

హైమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన పెళ్ళి ఫోటోలు అవి. ముహూర్తానివి వేరే లేవు.

"మళ్ళీ తీస్తానండీ. పీటల మీద కూర్చోబెట్టి, అవే బట్టలతో..."

"ముహూర్తం అంటే సప్లిమెంటరీ పరీక్షనుకున్నావురా? మార్చిలో తప్పితే సెప్టెంబర్లో రాయడానికి?"

శ్యాంబాబు తల వంచుకున్నాడు. తల వంచుకుంటే ఎదురుగా బల్ల మీద, ల్యాబులో తను చూడకుండా కవర్లో పెట్టేసిన ఫోటోల్లో ఇరవై మూడోది కనబడింది. తలంబ్రాల ఫోటో. హైమ దోసిలి విష్ణు తల మీద ఒంపుతోంది. వాళ్ళ వెనక పందిట్లో చీకటిగా పడిన చోట, సరిగ్గా ఇద్దరి తలల పైన...

"నాలుగు!" అని అరిచాడు శ్యాంబాబు.

మేష్టారు ఉలిక్కిపడ్డారు. "ఏం నాలుగురా?"

"చక్రాలండీ! నాలుగూ గాల్లో ఉన్నాయండీ మేష్టారూ! చూడండి, ఇదుగో, ఇది వెనకది, ఇది కూడా నేల మీద లేదండీ! ఏడాదిన్నర బట్టి తీస్తున్నానండీ, ఒక్కటీ రాలేదండీ!"

తప్పు ఒప్పుకోవడానికి వచ్చినవాడు మొహం ఇంత చేసుకుని, కన్నీళ్ళు పెట్టుకున్న పెళ్ళికూతురి మొహం ముందు ఆ ఫోటో ఆడిస్తున్నాడు. అలా ఆడిస్తున్నానని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ముందు నవ్వింది హైమే. ఏడుపు గొంతులోంచే వచ్చింది నవ్వు. ఫోటో లాక్కుని దగ్గరగా పెట్టుకుంది. బగ్గీ వెనక చిమ్మిన ఇసుకా, తన చేతుల్లోంచి జారిన బియ్యమూ కలిసిపోయి ఫోటో నిండా మెరుస్తున్నాయి.

"ఇందులో ఇసకేదండీ, తలంబ్రాలేవండీ?" అంది.

శ్యాంబాబు వంగి చూశాడు. "తెలీట్లేదమ్మా," అన్నాడు నిజాయితీగా.

కాసేపటికి కాఫీ వచ్చింది. నెగటివ్‌లు స్టూడియోలో ఉంచుకోవడం ఆనవాయితీ. అవి కూడా ఇచ్చేస్తున్నానని శ్యాంబాబు రోళ్ళన్నీ మేష్టారి చేతిలో పెట్టాడు. మెట్లు దిగాడు. మళ్ళీ ఎక్కాడు.

"మేష్టారూ... ఆ ఇరవై మూడోది నాకో కాపీ..."

"సిగ్గు లేదురా నీకు?"

"ఉందండి. ఉండబట్టే మెట్లు దిగాక అడుగుతున్నానండి."

"ఇచ్చెయ్యండి తాతయ్యా," అంది హైమ. "కానీ ఆ కారు నేను ఒకసారి తోలాలి."

ఆ వారమే పట్టుచీరలో వచ్చి ఇసుకలో తోలింది. బగ్గీ తిన్నగా వెళ్ళి విష్ణు పిక్కకి గుద్దుకుంది. "మొన్న మొహం, ఇవాళ కాలండీ," అన్నాడు అతను. దేవకుమారి పక్కన నిలబడి, "మెల్లిగా నొక్కమ్మా, మెల్లిగా," అని చెప్పుకొచ్చింది. రోలు సంచీలో వేసిందెవరో ఆ సాయంత్రం ఆవిడే హైమ చెవిలో చెప్పేసింది.

తర్వాత శ్యాంబాబు ఇంకా చాలా రోళ్ళు తీశాడు. నాలుగు చక్రాలూ మళ్ళీ ఎప్పుడూ గాల్లో దొరకలేదు. రెండు వేల నాలుగులో బగ్గీ బ్యాటరీ చార్జింగ్ పట్టడం మానేసింది. అలాంటిది దొరకలేదు. ఎర్రటి బగ్గీ స్టూడియో అద్దాల బీరువా ఎక్కింది. డిజిటల్ కెమెరా వచ్చింది, నాలికలున్న రోళ్ళు పోయాయి. పెళ్ళికొడుకులు కంప్యూటర్లో చంద్రుడి మీద కూర్చోవడం మొదలైంది. చిట్టియ్య మాత్రం ఇప్పటికీ గట్టు మీద కనబడితే, "కారు బాగుందాండీ?" అని ఇంట్లో మనిషిని అడిగినట్టే అడుగుతాడు.

ఇరవై మూడో నెంబరు ఫోటో స్టూడియోలో కౌంటరు వెనక, ఫ్రేములో ఉంది. దాన్ని చూసి ఎంతమంది అడిగారో! "మా అబ్బాయి పెళ్ళిక్కూడా ఈ కారు మిక్సింగే పెట్టండి." శ్యాంబాబు తల అడ్డంగా ఊపుతాడు. "అది ఒకసారే పడిందండి."

మొన్నామధ్య పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినాయన ఎవరో, ఊరికి కొత్త, కుర్చీలో కూర్చుని దాన్నే చూస్తూ, "ఎవరండీ వీళ్ళు?" అని అడిగాడు.

శ్యాంబాబు కెమెరాలోంచి తల ఎత్తకుండానే, "ఎవరో పెళ్ళివాళ్ళండి. బగ్గీ ఫోటో తీస్తుంటే అడ్డమొచ్చారు. మీరు కదలకండి," అన్నాడు.

కర్టెన్ వెనక నుంచి దేవకుమారి గొంతు వినబడింది. "తోలిందెవరో కూడా చెప్పండి."