దూది చెస్ట్ గార్డ్

మా అమ్మ నన్ను హాకీ ఆడనిచ్చింది ఒకే ఒక్క కారణంతో. గోల్‌కీపర్‌కు ఒళ్ళంతా కప్పి ఉంటుంది.

"గా పోరిలు పొట్టి నిక్కర్లేసుకొని ఉరుకుతున్నరు. నువ్వు మూతికి జాలి, కాళ్ళకు దిండ్లు కట్టుకొని నిలవడే పనైతే పో. లేకుంటే ఇంట్ల కూసో" అంది. అలా నేను గోల్‌కీపర్‌నయ్యాను. నా చురుకుదనం చూసి ఎవరో ఎంపిక చేశారని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది కానీ, అది నిజం కాదు.

మాది కేసముద్రం. తాతల నాటి నుంచి దూదేకే ఇల్లు. ముస్లింలమే అయినా మేం తిట్టుకునేది, ఏడ్చేది అంతా తెలుగులోనే. మార్కెట్ యార్డుకు పోయే దారిలో బాపు దుకాణం. ఫోమ్ పరుపులు వచ్చాక కొత్త పరుపు కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. పాత పరుపులు తెచ్చి ఏకించుకునేవాళ్ళే మిగిలారు. గడ్డకట్టిన దూదిని మిషన్లో వేసి ఏకితే అది మళ్ళీ విచ్చుకుని మెత్తగా పొంగుతుంది. బాపు బతుకంతా గట్టిపడ్డదాన్ని మెత్తబరచడమే.

బడిలో కిట్టు ఉందంటే ఉంది. కాళ్ళ ప్యాడ్లు రెండూ రెండు రంగులు. హెల్మెట్ జాలీని బైండింగ్ వైరుతో కట్టారు. చెస్ట్ గార్డ్ అసలు లేదు. "వరంగల్ జిల్లా ముక్కలైనప్పుడు కిట్టు గూడ ముక్కలైంది. ఛాతి ముక్క జనగామకు పోయిందో, భూపాలపల్లికి పోయిందో" అని మా పీఈటీ సార్ నవ్వేవాడు. బంతి తగిలేది నాకు కాబట్టి నాకు నవ్వొచ్చేది కాదు.

సారే ఒకరోజు ఫోన్లో మంచు మీద ఆడే హాకీ వీడియో పంపాడు. అందులో గోల్‌కీపర్లు గోలుకు అడ్డంగా గోడ కట్టినట్టుంటారు. హెల్మెట్ల మీద పులులు, పుర్రెలు, నిప్పుల బొమ్మలు. ప్యాడ్లు, చొక్కా, చేతి తొడుగులు అన్నీ ఒకే రంగు. బాపు నా భుజం మీద నుంచి తొంగి చూశాడు.

"బంతేది?" అన్నాడు.

"బంతి కాదు బాపు, నల్ల బిళ్ళ."

"కనవడ్తలేదు గద."

"గంత స్పీడు పోతదట. మన రైలు గూడ అందుకోదట."

బాపు ఫోన్ తీసుకుని వీడియో ఆపాడు. బిళ్ళను వదిలేసి గోల్‌కీపర్ ఛాతీనే చాలాసేపు చూశాడు. "లోపల ఏం నింపిన్రో. పైకైతే పరుపు లెక్కనే ఉబ్బింది" అన్నాడు.

నా మొదటి చెస్ట్ గార్డ్ ఆయనే కుట్టాడు. ఎవరో వదిలేసిన పాత పరుపులోని గడ్డ దూదిని కర్రతో బాది పలక చేసి, దబ్బనంతో దగ్గర దగ్గరగా టాకాలు కుట్టాడు. పైన మిగిలిపోయిన పరుపు గుడ్డ, ఎర్ర చారలది. నా చెమటకు, బంతుల దెబ్బలకు అది రోజురోజుకూ అట్టలా బిగుసుకుంది. చూడ్డానికి దరిద్రంగా ఉండేది. కానీ దానికి తగిలిన బంతి నా కాళ్ళ ముందే పడిపోయేది. నాకు నొప్పి తెలిసేది కాదు.

భూపాలపల్లి జట్టులో ఒక అమ్మాయి ఉండేది. బొగ్గుబాయిలో పనిచేసే ఆయన కూతురు. ఆమె కొట్టిన బంతికి గోలు వెనక చెక్క చీలిందని ఒకరు, టేకుమట్ల వైపు ఎక్కడో ఆగి ఉన్న ఆటో అద్దం పగిలిందని ఇంకొకరు చెప్పేవాళ్ళు. ఆ వేగం కొలిచే యంత్రం మా మూడు జిల్లాల్లోనూ లేదు. అందుకే ఎవరికి తోచిన వేగం వాళ్ళు చెప్పేవాళ్ళు. మావాళ్ళు గోరంతను కొండంత చేయడంలో ఎవరికీ తీసిపోరు. మహబూబాబాద్‌లో, మేం మానుకోట అనే ఊళ్ళో, ఒకసారి ఆమె బంతి నా చెస్ట్ గార్డుకు నేరుగా తగిలింది. పళ్ళు కదిలినంత పనైంది. కానీ బంతి కింద పడింది, నేను నిలబడే ఉన్నాను.

ఆ రోజు బాపు నాకు టిఫిన్ డబ్బా తెచ్చి గీత అవతల నిలబడ్డాడు. మా జట్టు చొక్కాలు నీలం. నా ఎర్ర చారలు చూసి అవతలి పిల్లలు, "పరుపొచ్చిందే, పండుకుందాం రాండ్రి" అని నవ్వారు. నాకు అలవాటైపోయింది. ఆయన మాత్రం మొదటిసారి విన్నాడు. డబ్బా నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

తర్వాత జనగామలో ఎంపిక పోటీ పెట్టారు. అందులో బాగా ఆడినవాళ్ళను స్పోర్ట్స్ హాస్టల్‌కు తీసుకుంటారు. చదువు, తిండి, ఆట అన్నీ అక్కడే. అమ్మ ముందే చెప్పేసింది, "హాస్టలుకు తీసుకుంటే ఆడు. తీసుకోకుంటే పదోతరగతితోనే బంద్" అని. ఆ రోజు నా మీద ఒక్క గోలు తక్కువ పడితే నా ఆట బతుకుతుంది. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు.

ఆ పొద్దున రైలెక్కే ముందు బాపు స్టేషన్లో ఒక సంచి నా చేతిలో పెట్టాడు. తీసి చూస్తే నా చెస్ట్ గార్డే, కానీ ముందు గుర్తుపట్టలేదు. పైన మా చొక్కా రంగు నీలం గుడ్డ. ఫోన్లో చూసినట్టే నిండుగా ఉబ్బి ఉంది.

"పాత దూది మొత్తం గడ్డకట్టింది. ఇప్పి ఏకిన. ఇంత కొత్త దూది గూడ కలిపిన. ఇగ ఎవ్వలు నవ్వరు" అన్నాడు.

నాకెంత సంతోషమైందో చెప్పలేను. జనగామలో తొడుక్కుంటే పసిపిల్లల పరుపులా ఒంటికి హాయిగా ఉంది. మా జట్టువాళ్ళంతా ముట్టుకుని చూశారు. ఎవరూ నవ్వలేదు.

రెండో సగంలో భూపాలపల్లికి పెనాల్టీ కార్నర్ వచ్చింది. ఆమే కొట్టింది. బంతి నా ఎడమ రొమ్ము కింద తగిలింది. గోలు కాలేదు. చప్పట్లు వినిపించాయి, అది బాగా గుర్తుంది. ఊపిరి పీల్చుకుందామంటే లోపలికి రాలేదు. పడిపోయాను.

పక్కటెముకలు విరిగాయి. ఒకటి ఊపిరితిత్తిలో గుచ్చుకుంది. వరంగల్ దవాఖానలో ట్యూబు పెట్టారు. ఇక పరుగెత్తే ఆటలు వద్దని డాక్టర్ బాపుతో చెప్తుంటే మంచం మీద నుంచి విన్నాను. మంచికి పోతే చెడు ఎదురవడం అంటారే, అదే ఇది.

బాపు నా మంచం పక్కన కూర్చున్నాడు. చెస్ట్ గార్డ్ ఆయన ఒళ్ళో ఉంది. బొటనవేలితో నొక్కాడు. వేలు సగం దాకా దిగబడింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా దిగబడింది. నా వైపు చూడకుండానే అడిగాడు.

"తొడుక్కున్నప్పుడు ఎట్లుండె బిడ్డ?"

"మంచిగుండె బాపు."

"గట్టిగుండెనా?"

"గట్టిగనే ఉండె" అన్నాను. ఆ చేతులను చూస్తూ వేరే మాట అనడం నావల్ల కాలేదు.

ఇంటికొచ్చాక ఆ భూపాలపల్లి అమ్మాయి తన తల్లిని తీసుకుని వచ్చింది. అక్కడంతా ఆమెను ఎముకలిరగ్గొట్టిన పిల్ల అంటున్నారట. "ఇగ నేను స్టిక్కు ముట్టుకోను" అని ఏడ్చింది. మా అమ్మ టీ ఇచ్చింది కానీ నోరు ఊరుకోలేదు. "గంత గట్టిగ కొట్టాల్నా బిడ్డా?" అంది.

అప్పుడు బాపు గుమ్మం దగ్గర నుంచి మాట్లాడాడు.

"ఆమెననకు. ఆమె కొట్టుడు కొత్తనా? మానుకోటల గూడ గట్లనే కొట్టింది. పాత దూది గట్టిగుండె కాబట్టి ఆపింది. దాన్ని ఇప్పి ఏకింది నేను. మెత్తటి దాని మీద పడ్డోళ్ళకు దెబ్బ తాకదనుకున్న. మీదికొచ్చే దెబ్బను మెత్తటిది ఆపదని తెల్వకపాయె." ఆ పిల్ల వైపు తిరిగాడు. "నువ్వు పొయ్యి ఆడుకో బిడ్డ. నీ తప్పు ఏం లేదు."

ఆమె వెళ్ళి ఆడింది. హాస్టల్‌కు ఎంపికైంది కూడా. నాకు మాత్రం ఆ రోజు బాపు మీద పట్టరాని కోపం వచ్చింది. ఆయన ఆ మాట అననంతవరకు మా ఇంట్లో అది నిజం కాదు. అందరి ముందూ తానే నిజం చేసేశాడు.

వాళ్ళు బస్సెక్కి పోయాక ఆయన పక్కన కూర్చున్నాను. ఊపిరి అందక ఆగి ఆగి చెప్పాను. ఆయన నా ఆట బతకాలనే చేశాడని, నేనెన్నడూ ఆయనను తప్పుపట్టలేదని, ఇప్పుడూ పట్టడం లేదని చెప్పాను. అందులో ప్రతి మాటా నిజం.

ఆయన చివరి దాకా విన్నాడు.

"దవాఖానల గట్టిగనే ఉండెనని గూడ నువ్వే అన్నవు గద బిడ్డ" అని లేచి దుకాణానికి వెళ్ళిపోయాడు.