కూత ఎంత దూరం పోతది?

“చిన్నమ్మా, సార్ పోయిండట.” మొన్న పొద్దున ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఏ సారని నేను అడగలేదు. దానికీ నాకూ కబడ్డీ నేర్పింది ఆయనొక్కరే.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు దగ్గర్లో మా బడి. అక్కడ ఆయన వ్యాయామం సారు. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన మనిషి. మెడలో విజిల్, భుజాన తెల్ల తువ్వాలు. ఎవరైనా గీత దాటి “కబడ్డీ కబడ్డీ” అని గుక్క తిప్పుకోకుండా కూత పెడుతుంటే కళ్లు మూసుకుని, వేళ్లు ఒక్కొక్కటే ముడిచేవారు. స్టాప్‌వాచ్ జేబులోనే ఉండేది. “గడియారం టైం జెప్తది, దమ్ము జెప్పదు” అనేవారు. ఆయనకున్న పెద్ద జబ్బల్లా అడగడం. తెలియని సంగతి కనబడితే ఊరుకోలేరు.

నేను పదో తరగతిలో ఉన్న ఏడు స్వైన్‌ఫ్లూ వచ్చింది. బడులు మూశారు, తెరిచారు. మరోపక్క తెలంగాణ ఉద్యమం, ఉంటే బడి, లేకుంటే బందు. జిల్లా జట్టు ఎంపికలు దగ్గరపడ్డాయి. ఆట మొదలుపెట్టాలా వద్దా అని సార్‌కు ఒకటే పరేషాన్. ఎదుటివాళ్ల మొహంలో మొహం పెట్టి కూయడమే కదా కబడ్డీ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లి, కూత ఎంత దూరం పోతుందని అడిగొచ్చారు. ఆయన నవ్వి, “ఇది నన్నెవరూ అడగలేదండీ, నాకూ తెలీదు” అన్నారట. ఆ జవాబు సార్‌కు తెగ నచ్చింది.

మర్నాడు తన తువ్వాలు తాడు మీద ఆరేసి, మా చేత పసుపు నీళ్లు పుక్కిలింపజేసి, దాని ముందు కూత పెట్టించారు. తువ్వాలు నిండా పసుపు చుక్కలు. తిరగేసి, మమ్మల్ని వెనక్కి జరిపారు. చుక్కలు తగ్గాయి గానీ పోలేదు. మేం పడీపడీ నవ్వాం. ఆయన మాత్రం తువ్వాలు ఎండకు పట్టుకుని చాలాసేపు చూశారు.

తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచారు. జ్వరముందా అని కాదు, “ఇంట్ల ఎవరెవరుంటరు?” అని అడిగారు. కొందరికి సరేనన్నారు.

“మా అక్క కాన్పుకొచ్చింది సార్” అన్నాను నేను.

“అయితే నువ్వొద్దు బిడ్డా.”

జట్టులో కూతకు వెళ్లేవాళ్లలో నేనే ముందు. ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రం మెయిన్‌రోడ్డు మీద ఊరేగింపులో ఆయనే కనబడ్డారు, మూతికి దస్తీ కట్టుకుని. పక్కకు పిలిచి నిలదీశాను. “ఇంతమంది గొంతు కలిపి జై తెలంగాణ అంటున్నరు గద సార్. వీళ్లకు రాని జరం నా కూతకే ఒస్తదా?”

ఆయన నిజంగానే ఆలోచించారు. “మంచిగడిగినవ్. నాకు తెల్వదు. నువ్వు ఆడినా ఏం గాకపోవచ్చు, గదే పరేషాన్. కానీ కడుపుతోని ఉన్నోళ్లకు గీ జరం శానా చెడ్డదంట. ఆట ఇంకో యేడు ఒస్తది బిడ్డా. కడుపుల పిల్లకు ఇంకో యేడు లేదు.”

ఆ ఇంకో ఏడు నాకు రాలేదు. కాలేజీలో చేరాక ఆట పోయింది. ఆడిన పిల్లల్లో ఇద్దరికి జ్వరమొచ్చి తగ్గింది. అది ఆ జ్వరమో, మామూలు పడిశమో ఎవరూ చెప్పలేదు. నేను ఆడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తెలుసుకోవాలనుంటుంది. ఆయన మీద కోపం మాత్రం చాలాకాలం ఉంది. ఇప్పుడు ఆయన లేరంటే ఆ కోపం మీద కూడా బెంగగా ఉంది.

ఎంపికలైన నాటి నుంచి రోజూ సైదాబాద్‌లోని మా ఇంటి ముందు సైకిల్ ఆపి, లోపలికి రాకుండా, “అక్క ఎట్లున్నది?” అని అడిగి పోయేవారు. నేను మాట్లాడేదాన్ని కాదు. అమ్మే జవాబు చెప్పేది.

అక్క దవాఖాన నుంచి బిడ్డతో ఇంటికొచ్చిన పొద్దున కూడా అలాగే వచ్చారు. ఆ రోజు నేనే గేటు దాకా వెళ్లాను. “ఆడపిల్ల సార్. ఇద్దరూ మంచిగున్నరు.”

ఆయన ఏదో అనబోయారు. అంతలో లోపల పిల్ల గుక్కపట్టి ఏడుపు మొదలుపెట్టింది. సార్ గేటు అవతలే, మూతికి దస్తీతో, సైకిల్‌ను నడుముకు ఆనించుకుని నిలబడ్డారు. కళ్లు మూసుకుని కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడిచారు. అవి అయిపోతే ఎడమ చెయ్యి ఎత్తారు.